32 మంది పిల్లలు, నలుగురం పెద్దవాళ్ళం: సమ్మర్ స్కూల్లో రోజు ఎలా నడపాలి?

కొత్త_ఇన్‌చార్జి:

అందరికీ నమస్తే. ఇంకో పది రోజుల్లో మా దగ్గర పిల్లలకి సమ్మర్ స్కూల్ మొదలవుతోంది, పోయినేడు చూసుకున్నావిడ ఈసారి నావల్ల కాదన్నారు, మీటింగులో అందరూ తలలు దించుకుని కూర్చుంటే చూడలేక నేను చేస్తాలెండి అనేశాను, ఇక అంతే, మొత్తం నా నెత్తిన పడింది. పిల్లలు 32 మంది, 6 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళ దాకా ఉన్నారు, నాతో కలిపి పెద్దవాళ్ళం నలుగురం. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్న 9 నుంచి 2 వరకు, మొత్తం 5 వారాలు. రెండు గదులు, ఒక వరండా, ముందు గ్రౌండ్ ఉంది.

టైంటేబుల్ వేశాను. 9కి చదవడం, 9:45కి లెక్కలు, 10:30కి క్రాఫ్ట్, 11:15కి గ్రౌండ్‌లో ఆటలు, 12కి భోజనం, 12:30కి సైన్స్, 1:15కి పాటలు, నాటకం, 2కి ఇళ్ళకి. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. మా ఆయన ఒకసారి చూసి "మరి వీళ్ళు బాత్రూంకి ఎప్పుడు వెళ్తారు" అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

ఇంతకుముందు చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, పొద్దున్న అందరూ ఒకేసారి వచ్చి పడితే ఏం చెయ్యాలి, ఎండలో ఆడించొచ్చా, 6 ఏళ్ళవాళ్ళనీ 10 ఏళ్ళవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెడితే అవుతుందా, సాయంత్రం, అదే 2 గంటలకి, ఎవరికి అప్పగించాలి ఎలా అప్పగించాలి, ఏది గుర్తొస్తే అది చెప్పండి.


ఏడో_సమ్మర్_టీచర్:

మీ ఆయన కరెక్టుగా పట్టుకున్నారండి. ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, నాకు తెలిసింది ఒక్కటే, రోజు పాడయ్యేది క్లాసుల్లో కాదు, ఒక క్లాసుకీ ఇంకో క్లాసుకీ మధ్య సందుల్లో. మీ టైంటేబుల్లో 7 పనులున్నాయి గానీ ఒక్క సందు కూడా లేదు. క్రాఫ్ట్ 11:15కి అయిపోయి ఆటలు 11:15కి మొదలవ్వాలంటే ఆ 32 మందీ గోడలోంచి దూరి గ్రౌండ్‌లో పడాలి.

నా మొదటి ఏడాది ఒకరోజు వాచీ పెట్టుకుని చూశాను. గదిలోంచి గ్రౌండ్‌కి 40 అడుగులు ఉంటుందేమో, అంతే. ఆ 40 అడుగులకి 11 నిమిషాలు పట్టింది. ఒకడి బూటు దొరకలేదు, ఇద్దరికి లేసు కట్టాలి, ఒకమ్మాయి బాటిల్ మర్చిపోయి వెనక్కి పరిగెత్తింది, దాని వెనకాల దాని ఫ్రెండు, ఆ ఫ్రెండు వెనకాల ఇంకో ముగ్గురు, ఈలోపు ముందు లైన్లో నిలబడ్డవాళ్ళు నిలబడలేక ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోవడం మొదలెట్టారు. ఆరోజు జరిగిన గొడవలన్నీ ఆ 11 నిమిషాల్లోనే. ఆటలో ఒక్క గొడవ లేదు.

అందుకని 7 పనుల్ని 5 చేసెయ్యండి. ప్రతి రెండిటి మధ్య 10 నిమిషాలు "నీళ్ళు, బాత్రూం, బూట్లు" అని పేరు పెట్టి టైంటేబుల్లోనే రాసెయ్యండి. రాయకపోతే ఎలాగూ ఆ టైం పోతుంది, రాస్తే పోయినట్టు అనిపించదు.

పొద్దున్న సంగతి. 9కి మొదలంటే 8:40కే కొందరు వచ్చేస్తారు, 9:15 దాకా వస్తూనే ఉంటారు. ఆ అరగంటలో పాఠం చెప్పకండి, లేటుగా వచ్చినవాడి కోసం మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. వచ్చేసరికే టేబుళ్ళ మీద ఏదో ఒకటి పరిచి ఉండాలి, బ్లాకులు, పజిల్సు, రంగులు, బొమ్మల పుస్తకాలు, ఎప్పుడొచ్చినా కూర్చోగలిగేవి, ఎప్పుడైనా వదిలేసి లేవగలిగేవి. గుమ్మం దగ్గర ఒక్కరే నిలబడాలి, ఆవిడ పని సంతకం పెట్టించుకోవడం, పేరు ట్యాగ్ తగిలించడం, అంతే. అమ్మానాన్నలతో కబుర్లు పెట్టుకోకూడదు. కబుర్లు చెప్పాలనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని మీరు పక్కకి తీసుకెళ్ళండి.

ఇంకోటి, తలల లెక్క. గది మారిన ప్రతిసారీ లెక్కపెట్టాలి, వెళ్ళేముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి. ఇది అందరూ చెప్తారు గానీ అసలు చిక్కు వేరే ఉంది. మాకు లెక్క తప్పిన పదిసార్లలో తొమ్మిదిసార్లు పిల్లాడు తప్పిపోలేదు, మా దగ్గరున్న అంకె తప్పు. ఒకమ్మాయి 10:30కి వచ్చింది, ఇంకొకణ్ణి 11కి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళిపోయారు, గుమ్మం దగ్గరున్నావిడకి తెలుసు గ్రౌండ్‌లో ఉన్నావిడకి తెలీదు, ఇక కంగారు. గుమ్మం పక్కన బోర్డు మీద పెద్దగా ఈరోజు అంకె ఒక్కటే రాయండి, ఎవరొచ్చినా వెళ్ళినా అక్కడే చెరిపి మార్చాలి, నలుగురూ ఆ అంకెనే చూడాలి.

నలుగురు అన్నారు కదా, అది కూడా చెప్తా. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ వాళ్ళ ప్రమాణాల్లో పగటి క్యాంపులకి 6 నుంచి 8 ఏళ్ళ పిల్లలైతే 8 మందికి ఒకరు, 9 నుంచి 14 అయితే 10 మందికి ఒకరు ఉండాలంటారు. మీ దగ్గర ఏ రూల్ ఉందో అదే చూసుకోండి, నేను చెప్పేది ఏంటంటే 32కి నలుగురు అంటే సరిగ్గా అంచు మీద ఉన్నారు. ఒకరికి జ్వరం వచ్చినా, ఒకరు ఓ పిల్లని బాత్రూంకి తీసుకెళ్ళినా లెక్క పోతుంది. ఐదో మనిషిని వెతకండి, రోజూ రాకపోయినా పర్లేదు, పిలిస్తే వచ్చేవాళ్ళైనా చాలు.


లెక్కల_సార్:

టీచర్ గారు సందుల గురించి చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నేను చదువు సంగతి చెప్తా.

సెలవుల్లో పిల్లలు ఎంత మర్చిపోతారు అన్నదాని మీద చాలా ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. 1996లో హ్యారిస్ కూపర్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు 39 పరిశోధనలు కలిపి చూసి సగటున ఒక నెల చదువంత వెనక్కి పోతుందన్నారు, అందులోనూ లెక్కలు చెయ్యడం, స్పెల్లింగులు ఎక్కువ పోతాయన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు కొందరు అంత లేదని వాదించారు. నాకు మాత్రం క్లాసులో కళ్ళారా కనిపించేది ఎక్కాలే, సెలవులకి ముందు గడగడా చెప్పినవాడు తిరిగొచ్చాక 7 ఎనిమిదుల దగ్గర సీలింగ్ వైపు చూస్తాడు.

మీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అమెరికాలో ఐదు స్కూల్ డిస్ట్రిక్టుల్లో సమ్మర్ ప్రోగ్రాముల మీద పెద్ద స్టడీ చేసింది, అందులో బాగా లాభపడింది 20 రోజులు, ఆపైన వచ్చిన పిల్లలే. మీది 5 వారాలు అంటే 25 రోజులు. అంటే ఒక్కొక్కళ్ళు 5 రోజులకి మించి మానకూడదు. కాబట్టి చేర్చుకునేటప్పుడే "ఊళ్ళకి ఎప్పుడు వెళ్తున్నారు" అని తారీఖులు అడిగి రాసుకోండి. రెండు వారాలు ఊరెళ్ళే పిల్లల్ని చేర్చుకోవద్దు అనట్లేదు, వాళ్ళని నాటకంలో హీరోగా పెట్టకండి అంటున్నా.

లెక్కలు, చదవడం రెండూ పొద్దున్నే పెట్టడం మంచి పని, అది మార్చకండి. కానీ వయసు ప్రకారం కాకుండా ఎంత చదవగలరో చూసి గ్రూపులు చెయ్యండి. మొదటి రోజు ఒక్కొక్కళ్ళతో ఒక పేజీ చదివించండి, ఒకళ్ళకి రెండు నిమిషాలు చాలు. 8 ఏళ్ళవాడు 6 ఏళ్ళవాళ్ళ గ్రూపులో పడితే వాడికి అవమానం అవ్వకుండా గ్రూపులకి రంగుల పేర్లు పెట్టండి, అయినా వారంలో పిల్లలకి అర్థమైపోతుందనుకోండి, వాళ్ళ దగ్గర మన ఎత్తులు సాగవు.

సైన్స్‌కి సామాన్లు కొనాల్సిన పని లేదు. నేను ప్రతి ఏడూ చేయించేది కాగితం వంతెన. రెండు పుస్తకాల దొంతరలు, మధ్యలో జానెడు సందు, దాని మీద ఒక మామూలు తెల్ల కాగితం. మధ్యలో నాణెం పెట్టమంటే రెండో మూడో పెట్టేసరికి కుంగి కింద పడుతుంది. ఇప్పుడు అదే కాగితాన్ని విసనకర్రలాగా మడతలు పెట్టి వెయ్యమనండి. నాణేలు పెడుతూ పోతారు, పెడుతూ పోతారు, గదిలో చప్పుడు ఉండదు, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఎందుకు ఆగింది అని మీరు చెప్పెయ్యకండి. పోయినసారి ఒక పాప కాగితాన్ని కంటికి ఎదురుగా నిలబెట్టి పట్టుకుని "సార్ ఇందులో అన్నీ గోడలే ఉన్నాయి" అంది. నేను బోర్డు మీద అరగంట గీసినా అంత బాగా చెప్పలేను.

ఇంకోటి నీడ. గ్రౌండ్‌లో కర్ర పాతి 9:30కి, 10:30కి, 11:30కి నీడ చివర సుద్దతో గీత గీసి పక్కన టైం రాయించండి. ఒక్కోసారి రెండు నిమిషాల పని, పైగా నీళ్ళ బ్రేక్‌లో అయిపోతుంది.


స్కూల్_నర్స్:

అందరూ బాగా చెప్పారు కానీ 11:15కి ఆటలు ఎవరూ పట్టించుకోలేదేంటి? దయచేసి మార్చండి. పొద్దున్న 10 నుంచి 4 దాకా ఎండ తీవ్రంగా ఉంటుంది, యూవీ ఇండెక్స్, అంటే ఎండలో చర్మానికి హాని చేసే కిరణాలు ఎంత ఉన్నాయో చెప్పే అంకె, 3కి చేరితేనే జాగ్రత్త పడమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది, ఎండాకాలం మధ్యాహ్నాల్లో అది చాలా చోట్ల 3 ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఫోన్లో వెదర్ యాప్‌లోనే కనిపిస్తుంది, రోజూ చూడండి. ఆటలు పిల్లలు రాగానే 9:15కి పెట్టండి, లెక్కల సార్ కోప్పడినా సరే. లేదా వరండాలో ఆడేవి పెట్టండి. సన్‌స్క్రీన్ రాసేటట్టయితే బయటికి వెళ్ళడానికి 15 నిమిషాల ముందు రాయాలి, ఎస్‌పీఎఫ్ 30 గానీ ఆపైన గానీ, రెండు గంటలకోసారి మళ్ళీ. ఇంట్లోనే రాసి పంపమని చెప్తే మీకు ఒక సందు మిగులుతుంది.

నీళ్ళు దాహం వేసినప్పుడు తాగుతార్లే అనుకోకండి, ఆటలో పడితే దాహం గుర్తుండదు. 9 నుంచి 12 ఏళ్ళ పిల్లలు ఎండలో ఆడేటప్పుడు ప్రతి 20 నిమిషాలకి 100 నుంచి 250 మిల్లీలీటర్లు తాగాలని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ చెప్తుంది. విజిల్ వేసి అందర్నీ ఒకేసారి తాగించండి, మీరూ వాళ్ళ ముందే తాగండి.

తలనొప్పి, తల తిరగడం, కడుపులో తిప్పడం అంటే వెంటనే నీడకి తీసుకెళ్ళి, నీళ్ళు పట్టించి, తడిగుడ్డ పెట్టండి. మాట తడబడినా, అయోమయంగా చూస్తున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ, ముందు అంబులెన్స్‌కి ఫోన్, అది వచ్చేలోపు ఒంటి మీద నీళ్ళు పోసి చల్లబరచడం, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు.

మందుల విషయం. తల్లిదండ్రులు రాసిచ్చిన కాగితం లేకుండా ఏ మందూ వెయ్యకండి, మందు దాని అసలు డబ్బాలోనే రావాలి, చిన్న పొట్లంలో కట్టి పంపితే తీసుకోవద్దు. ఎప్పుడు ఎంత వేశారో వెంటనే రాయండి. అన్నీ భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేస్తారు చూడండి, అక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆస్తమా ఇన్‌హేలర్, ఎలర్జీ ఇంజెక్షన్ బీరువాలో ఉండకూడదు, ఆ పిల్లాడి గ్రూపు చూసుకునే పెద్దవాళ్ళ భుజానికి ఉండాలి. నేను ఒకసారి చూశాను, పిల్లాడు గ్రౌండ్ అవతలి కొసన ఆయాసపడుతున్నాడు, ఇన్‌హేలర్ ఆఫీసులో ఉంది, తాళంచెవి ఉన్నావిడ భోజనానికి వెళ్ళారు. అబ్బాయికి ఏం కాలేదు, కానీ ఆ తాళంచెవి కోసం పరిగెత్తింది నేనే, ఇప్పటికీ గుర్తొస్తే చెమటలు పడతాయి.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ ఉంటే ఇంటికి పంపెయ్యండి, మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే మళ్ళీ రానివ్వండి. ఇది మొదటి రోజే అందరికీ రాసి ఇచ్చెయ్యండి, తర్వాత చెప్తే మీరేదో వాళ్ళ పిల్లనే అన్నట్టు ఫీలవుతారు.


ఇద్దరు_పిల్లల_నాన్న:

నేను నడిపిన అనుభవం లేదు, పంపిన అనుభవం ఉంది. పికప్ గురించి నాదొక బాధ ఉంది, చెప్తా.

మూడేళ్ళ క్రితం మా పెద్దోణ్ణి ఒక సమ్మర్ స్కూల్లో వేశాం. ఒకరోజు నేను 1:55కి వెళ్తే వాడు లేడు. మా బంధువొకాయన అటుగా వెళ్తుంటే, మా వాడు "మామయ్యా" అని అరుస్తూ పరిగెత్తాడని, అక్కడున్నావిడ నవ్వుతూ పంపించేశారట. ఆయన మంచివాడే, మాకు హెల్ప్ చేద్దామనే తీసుకెళ్ళాడు, ఫోన్ సైలెంట్‌లో ఉండిపోయింది. 25 నిమిషాలు. ఆ 25 నిమిషాలు నేను ఎలా ఉన్నానో నేను చెప్పను. అడిగితే ఆవిడ "బాబు గుర్తుపట్టాడు కదండీ" అన్నారు.

కాబట్టి అండీ, పిల్లాడు గుర్తుపట్టడం లెక్కలోకి రాదు. మీ లిస్టులో పేరుందా లేదా అంతే. లిస్టులో లేకపోతే తాతగారైనా సరే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఫామ్‌లో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చెయ్యండి. వచ్చినాయన డయల్ చేసి ఇచ్చిన ఫోన్లో మాట్లాడి పంపకండి. మొదట్లో ఒకరిద్దరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంకోటి పొద్దున్న ఏడ్చేవాళ్ళ గురించి. మా చిన్నది మొదటి వారం గుమ్మం పట్టుకుని వదిలేది కాదు. నేను అక్కడే నిలబడి బుజ్జగిస్తుంటే ఇంకా ఎక్కువయ్యేది. వాళ్ళ టీచర్ నన్ను పక్కకి పిలిచి "మీరు చెప్పాల్సింది ఒక్కసారి చెప్పి వెళ్ళిపోండి, చాటుగా మాత్రం వెళ్ళకండి" అన్నారు. కష్టంగానే అనిపించింది. పది నిమిషాలకి ఫోటో పంపారు, చెంపల మీద ఏడుపు చారలు అలాగే ఉన్నాయి, చేతిలో బంకమట్టి, నోరంతా నవ్వు. ఆ ఫోటో పంపడం చాలా చిన్న పని, కానీ నాకు ఆరోజంతా ఆఫీసులో పని చేయగలిగేలా చేసింది. మీ దగ్గర ఫోటోలకి పర్మిషన్ ఫామ్ తీసుకుని అలాంటిది పెట్టుకోండి.


కొత్త_ఇన్‌చార్జి:

అమ్మో, ఇంత చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. టైంటేబుల్ చింపేశాను. ఆటలు 9:15కి, చదవడం 10:10కి, లెక్కలు 11కి, భోజనం 12కి, ఆ తర్వాత ఒకరోజు సైన్స్, ఒకరోజు క్రాఫ్ట్, 1:15 నుంచి నాటకం. మధ్యలో అన్నీ సందులే. ఐదో మనిషి దొరికింది, మా ఆయనే, నోరు తెరిచింది తనే కాబట్టి.

ఒక్క డౌట్ మిగిలింది, 10 ఏళ్ళవాళ్ళు ఆరుగురున్నారు, ఇంటర్వ్యూలోనే ముగ్గురు "ఇది చిన్నపిల్లలది" అని మొహాలు చిట్లించారు. వీళ్ళని ఏం చెయ్యాలి?


ఏడో_సమ్మర్_టీచర్:

పని ఇవ్వండి. నిజమైన పని, ఉత్తుత్తి లీడర్ బ్యాడ్జి కాదు, బ్యాడ్జి అయితే రెండ్రోజుల్లో తీసి పడేస్తారు. నీళ్ళ బాటిళ్ళ ట్రే బయటికి మొయ్యడం, నీడ దగ్గర గీత గీసి టైం రాయడం, 6 ఏళ్ళవాళ్ళకి కథ చదివి వినిపించడం. చదవడంలో వెనకబడ్డ పెద్దపిల్లాడికి ఈ చివరిది బంగారం, చిన్నపిల్లల పుస్తకం చదవడానికి సాకు దొరుకుతుంది, ముందురోజు ఇంట్లో ప్రాక్టీస్ చేసుకొస్తాడు మీరు చెప్పకుండానే. కానీ తలల లెక్క, బాత్రూంకి తోడు వెళ్ళడం మాత్రం పిల్లలకి ఎప్పుడూ అప్పగించకండి, అవి పెద్దవాళ్ళవే.


కొత్త_ఇన్‌చార్జి:

మొదటి రోజు అయింది. చెప్పి తీరాలి కాబట్టి వచ్చా, కాళ్ళు లాగేస్తున్నాయి.

లెక్క రెండుసార్లు తప్పింది. మొదటిసారి బోర్డు మీద 31, గ్రౌండ్‌లో 30. గుండె ఆగినంత పనైంది. చూస్తే మా ఆయన లెక్కపెడుతూ తన వెనకాల చొక్కా పట్టుకుని నిలబడ్డవాణ్ణి లెక్కపెట్టలేదు. రెండోసారి 31కి 32 వచ్చారు, లేటుగా వచ్చిన పాపని బోర్డు మీద ఎక్కించలేదు, టీచర్ గారు చెప్పినట్టే.

గదిలోంచి గ్రౌండ్‌కి 14 నిమిషాలండీ. మీ రికార్డు కొట్టాం.

పికప్ దగ్గర ఒకాయన లిస్టులో లేరు, కుర్చీ వేశాను, ఫోన్ చేశాను, ఆయన కొంచెం ముఖం మాడ్చుకున్నారు గానీ వాళ్ళావిడ ఫోన్లో "మంచి పని చేశారు" అన్నారు. ఆ మొహం చిట్లించిన ముగ్గుర్లో ఒకడు కర్ర నీడ దగ్గర నుంచి లేవలేదు, 11:30 గీత గీశాక నా దగ్గరికొచ్చి "మేడం రేపు కూడా ఇక్కడికే వస్తుందా నీడ" అన్నాడు. ఏమో, రేపు నువ్వే చూసి చెప్పు అన్నాను. సుద్దముక్క జేబులో వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు, ఇప్పుడు రేపటికి నా దగ్గర సుద్ద లేదు.


లెక్కల_సార్:

సుద్ద వాడే తెస్తాడు లెండి. గీతలు మాత్రం చెరిగిపోకుండా ఇవాళే చివర్లలో మేకులు పాతండి, పొద్దున్న ఆటల్లో అందరూ తొక్కేస్తారు. అన్నట్టు మేకులు కాదు, చిన్న రాళ్ళు పెట్టండి, నర్స్ గారు చూస్తే నన్ను తిడతారు.


స్కూల్_నర్స్:

చూశాను.